సియాటిల్ చలిలో పాడిల్‌బోర్డింగ్ కోసం డ్రైసూట్ కొన్నా: రివ్యూ, ఒక్కరే కొనేవాళ్ళకి హెచ్చరికతో సహా

పాడిల్‌బోర్డింగ్ అంటే బోర్డు మీద నిలబడి తెడ్డుతో నడుపుకుంటూ పోవటం, డ్రైసూట్ అంటే దానికి వేసుకునే, నీళ్ళు లోపలికి రాని సూట్. రేటింగ్ ముందే ఇచ్చేస్తా, సూట్‌కి 5కి 4. కానీ మీ ఫ్రెండ్స్‌లో ఇంకొకరు కూడా కొనకపోతే 2 కూడా ఇవ్వను. ఎందుకో కింద చెప్తా, అది సూట్ తప్పు కాదు గానీ డబ్బులు మీవి కదా.

మేం నలుగురం, సియాటిల్ పక్కన రెడ్‌మండ్, సమామిష్ వైపు ఉంటాం, అందరం ఆడవాళ్ళమే, అందరికీ ఆఫీసులున్నాయి, ఇద్దరికి పిల్లలు. వేసవిలో ఇక్కడ మన తెలుగోళ్ళ గ్యారేజీల్లో చూడండి, కాస్ట్‌కోలో సేల్ పెట్టినప్పుడు కొన్న ఇన్‌ఫ్లేటబుల్ బోర్డు ఒకటి కచ్చితంగా ఉంటుంది. జులై ఆగస్టుల్లో లేక్ సమామిష్ దగ్గర పార్కింగ్ దొరకదు, అక్టోబర్ వచ్చేసరికి బోర్డులన్నీ చుట్టేసి అటక మీద, మళ్ళీ జూన్ దాకా వాటి మొహం చూసేవాళ్ళుండరు. మేం కూడా అంతే. తర్వాత మాలో ఒకావిడ, మేమందరం అక్కా అని పిలుస్తాం, గుంటూరావిడ, చలికాలంలో వెళ్తే లేకంతా మనదేనే అని మొదలెట్టింది. నిజమే, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మోటర్ బోట్లు పెద్దగా ఉండవు, జెట్‌స్కీ పిల్లకాయలు ఉండరు, గాలి లేని రోజు నీళ్ళు కదలవు. నల్ల కూట్ పక్షులు వందలకొద్దీ గుంపులు కట్టి తేలుతుంటాయి, పైన బాల్డ్ ఈగిల్ తిరిగితే చాలు గుంపు మొత్తం ఒక్కసారి దగ్గరికి జరిగిపోతుంది, అది చూడాలంటే చలికాలంలోనే రావాలి. లేక్ వాషింగ్టన్ మీద ఐతే వాన తెరిపిచ్చిన మర్నాడు రైనియర్ కొండ కింద నుంచి పై దాకా తెల్లగా కనిపిస్తుంది, ఆగస్టు కార్చిచ్చు పొగల్లో ఆ తెలుపు ఉండదు.

మరి ఇబ్బందేంటంటే నీళ్ళు. ఈ లేకులు గడ్డకట్టవు గానీ లేక్ వాషింగ్టన్ జనవరి ఫిబ్రవరిలో 45 నుంచి 48 ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది, అంటే మన సెల్సియస్ లెక్కలో 7 నుంచి 9 డిగ్రీలు. సమామిష్ కూడా అటూ ఇటూ అంతే. ఇక్కడి కింగ్ కౌంటీ ప్రభుత్వం వాళ్ళు రెండు లేకుల్లోనూ నీళ్ళ మీద తేలుతూ కొలిచే పరికరాలు పెట్టారు, నీళ్ళ టెంపరేచర్ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, బయల్దేరేముందు అది చూడటం అలవాటు చేసుకోండి. నీళ్ళు గాలికంటే ఇరవై ఐదు రెట్ల దాకా వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. పైగా పడగానే ముందు జరిగేది చలి వెయ్యటం కాదు, ఊపిరి మన చేతుల్లోంచి పోవటం. నోరు దానంతటదే తెరుచుకుని గాలి గట్టిగా లోపలికి పీల్చేస్తాం, ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉందంటే ఇక చెప్పక్కర్లేదు. కెనడాలో మానిటోబా యూనివర్సిటీలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అని ఒక ప్రొఫెసర్ ఉన్నాడు, ప్రొఫెసర్ పాప్సికల్ అంటారు ఆయన్ని, ఐస్ నీళ్ళలో తనే దిగి పరిశోధన చేసిన మనిషి, ఆయన చెప్పిన లెక్క 1-10-1. ఊపిరి అదుపులోకి రావటానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మన మాట వినేది పది నిమిషాలు, స్పృహ పోయేలోపు సుమారు ఒక గంట. అంటే పడిన పది నిమిషాల్లోపు బోర్డు మీదకి ఎక్కాలి, తర్వాత చేతులు బోర్డు అంచు పట్టుకోవు. ఇది చదివాకే సూట్ సంగతి సీరియస్‌గా తీసుకున్నాం.

వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్) చాలదా అని అందరూ అడుగుతారు. సర్ఫింగ్ చేసేవాళ్ళకి చాలు, ఎందుకంటే వాళ్ళు ఎక్కువసేపు నీళ్ళలోనే ఉంటారు, వెట్‌సూట్ లోపలికి చేరిన కాస్త నీటిని ఒంటి వేడితో వెచ్చగా ఉంచుతుంది. మనం ఉండేది నీళ్ళ పైన, నిలబడి. ఒకసారి తడిసిన వెట్‌సూట్‌తో 45 ఫారెన్‌హీట్ గాలిలో అరగంట నిలబడి చూడండి, పళ్ళు టకటకలాడతాయి. డ్రైసూట్‌లో నీళ్ళు లోపలికి రావు, చేతుల దగ్గరా మెడ దగ్గరా లేటెక్స్ గాస్కెట్లు, అంటే సాగే రబ్బరు పట్టీలు, బిగుతుగా పట్టుకుంటాయి, కాళ్ళకి సాక్స్ సూట్‌తోనే కలిపి ఉంటాయి. లోపల మనిష్టం వచ్చిన బట్టలు వేసుకోవచ్చు. అసలు విషయం అక్కడే ఉంది, డ్రైసూట్ దానంతటది వెచ్చగా ఉండదు, అది వట్టి రెయిన్‌కోటే, వెచ్చదనం లోపల వేసుకున్న ఉన్నిది. కాటన్ వద్దు, పల్చటి మెరీనో ఊలు ఒకటి, దాని మీద ఫ్లీస్ ఒకటి, సాక్స్ ఊలువి. అంతే.

నేను కొన్నది మూడు పొరల బ్రీతబుల్ (చెమట ఆవిరిని బయటికి వదిలే) రకం, ముందు వైపు ఏటవాలు జిప్పు, సేల్‌లో ఏడొందల డాలర్ల చిల్లర. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు, ఈ ధరలో దొరికేవి అన్నీ ఇంచుమించు ఒకే రకం మంచి, ఒకే రకం తలనొప్పి. గోర్‌టెక్స్ అనే ఖరీదైన గుడ్డవి కావాలంటే వెయ్యి దాటి ఇంకా పైకి పోతాయి, కోకటాట్ వాళ్ళు చాలా ఏళ్ళుగా చేస్తున్నారు, కాలిఫోర్నియా కంపెనీ. వారానికోసారి వెళ్ళే నాలాంటి దానికి అంత అక్కర్లేదనిపించింది.

ఇప్పుడు తలనొప్పులు. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే నెట్‌లో ఉన్న రివ్యూలన్నీ ఆరడుగుల మగాళ్ళు రాసినవి, మన ఆడవాళ్ళ సంగతులు ఒక్కడూ రాయడు. మొదటిది మెడ. కొత్త లేటెక్స్ గాస్కెట్ మెడకి పలుపు కట్టినట్టు ఉంటుంది, మొదటిసారి వేసుకుని ఇంట్లో అద్దం ముందు కూర్చుంటే మా ఆయన, మొహం ఎర్రబడింది తీసెయ్యవే అని కంగారుపడ్డాడు. దానికి మందు ఏంటంటే మెడ సైజుకి కాస్త పెద్దగా ఉన్న స్టీలు డబ్బాకి ఆ గాస్కెట్ తొడిగి ఒకట్రెండు రాత్రులు వదిలెయ్యాలి, సాగుతుంది. అప్పటికీ బిగుతుగా ఉంటే దాని మీద గీతలు ఉంటాయి, ఒక్కో గీత దగ్గర పదునైన కత్తెరతో నున్నగా కత్తిరించుకోవచ్చు, గరుకుగా కత్తిరిస్తే అక్కణ్ణించే చినుగుతుంది.

రెండోది మన గొలుసులూ గాజులూ. మంగళసూత్రం, నల్లపూసలు ఏదైనా సరే గాస్కెట్ కింద నుంచి బయటికి వచ్చిందంటే ఆ సందులోంచి నీళ్ళు కారతాయి, మొత్తం లోపలికి వేసేసుకోండి లేదా తీసి కార్లో కూడా కాదు ఇంట్లో పెట్టి రండి. గాజులూ ఉంగరాలతో చెయ్యి దూర్చారా, లేటెక్స్ చీరుకుపోతుంది. జుట్టు కూడా అంతే, జడ పైకి ముడేసి టోపీ పెట్టాకే మెడ దూర్చాలి, నాలుగు వెంట్రుకలు ఇరుక్కున్నా చాలు తడి రావటానికి. ఇంక కొబ్బరినూనె! శనివారం తలంటు ప్రోగ్రాం పెట్టుకునేవాళ్ళూ, లేటెక్స్‌కి నూనె పరమ శత్రువు, జిడ్డు మెడ మీద పెట్టుకుని సూట్ వేసుకుంటే కొన్నాళ్ళకి గాస్కెట్ బంకబంకగా అయిపోతుంది. బాడీ లోషన్లు, సన్‌స్క్రీన్ కూడా అంతే. లేటెక్స్ పడనివాళ్ళు నియోప్రీన్ (వెట్‌సూట్‌కి వాడే మెత్తటి రబ్బరు) మెడ ఉన్నది తీసుకోండి, కొద్దిగా చెమ్మ వస్తుంది గానీ సుఖంగా ఉంటుంది.

మూడోది బాత్రూం. సిగ్గు పడకుండా చెప్తున్నా, ఆడవాళ్ళకి వెనక జిప్పు తెరుచుకునే డ్రాప్ సీట్ ఉన్న మోడల్ అడిగి మరీ కొనండి, కొంచెం ఖర్చెక్కువ. నాది లేనిది. చలికి ఎక్కువసార్లు వెళ్ళాల్సొస్తుంది, దానికి భయపడి పొద్దున్నే కాఫీ మానేశా, చలికాలం ఉదయం కాఫీ మానేసిన తెలుగు మనిషి ఎంత సంతోషంగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సైజు గురించి. మన ఎత్తుకి మీడియం తీసుకుంటే భుజాలు సరిపోయి కాళ్ళ దగ్గర గుడ్డ వేలాడుతుంది, స్మాల్ తీసుకుంటే కూర్చుని లేచేటప్పుడు మెడ దగ్గర లాగుతుంది. కొంచెం వదులే మంచిది, లోపల ఫ్లీస్ పట్టాలి కదా. కానీ వదులు సూట్‌లో గాలి నిండిపోతుంది, నీళ్ళలోకి వెళ్ళేముందు గొంతు కూర్చుని మోకాళ్ళు దగ్గరికి లాక్కుని మెడ గాస్కెట్ వేలితో కాస్త తెరిస్తే గాలి బుస్సుమని పోతుంది, ప్రతిసారీ చెయ్యాలి. పిల్లలకి ఆ సౌండ్ భలే ఇష్టం.

నాకు జరిగిన అన్యాయం కూడా చెప్పాలి. మొదటి నెలలోనే ఎడమ పాదం తడి. మొదట చెమటేమో అనుకున్నా, ఎందుకంటే బ్రీతబుల్ అన్నంత మాత్రాన చెమట మొత్తం పోదు, వీపూ ముంజేతులూ అంతటా సమానంగా చెమ్మగా ఉంటే అది చెమట, ఒకేచోట సాక్ పిండితే నీళ్ళు కారుతుంటే అది లీకు. కనుక్కునే పద్ధతి సులువే, గాస్కెట్లు మూసేసి సూట్ లోపలికి గాలి కొట్టి బయట సబ్బునీళ్ళు స్ప్రే చేస్తే బుడగలు ఎక్కడ వస్తే అక్కడ కన్నం. కుట్టు దగ్గర వచ్చాయి. అమ్మినవాళ్ళకి వీడియో పంపితే, మీరు రాళ్ళ మీద నడిచారు అన్నారు, మేం నడిచేది ఇసక మీద బాబూ అంటే, వారం వారం ఒక కొత్త మనిషి అదే ప్రశ్న అడగటం. చివరికి వాళ్ళతో విసిగిపోయి ఆక్వాసీల్ గమ్ము కొని నేనే లోపల నుంచి పూశా, రాత్రంతా ఆరబెట్టా, అది ఇప్పటికీ కదల్లేదు. ఒక మార్కు అందుకే కోశా.

జిప్పు సంగతి ఒక్క ముక్క. ఇత్తడి జిప్పైతే మైనం, ప్లాస్టిక్ జిప్పైతే దాని గ్రీజు, రెండు మూడు వాడకాలకోసారి రాయాలి, మడత పెట్టి గ్యారేజీలో పడెయ్యకూడదు. చివరి అంగుళం దాకా మూసిందో లేదో మీకు కనపడదు, పక్కవాళ్ళు చూసి లాగాలి.

పక్కవాళ్ళు అన్నాను కదా, అసలు కథ అదే.

మొదటి చలికాలం డ్రైసూట్ మా నలుగురిలో నా ఒక్కదాని దగ్గరే ఉంది. మిగతా ముగ్గురూ లెగ్గింగ్స్, పఫర్ జాకెట్, పైన లైఫ్ జాకెట్. ఏమైందంటే నేను రెడీగా ఉన్నా గుంపు ఎప్పుడూ వాళ్ళ చలి ప్రకారమే కదిలింది. శుక్రవారం రాత్రి వాట్సాప్‌లో పోల్ పెడతాం, రేపు వస్తున్నారా అని, ఒకరు చూద్దాం అంటారు, ఇంకొకరు వాన పడేలా ఉందే అంటారు (సియాటిల్‌లో నవంబర్‌లో వాన పడేలా ఉండని రోజు ఏదమ్మా?), మూడోవాళ్ళు చూసి రిప్లై ఇవ్వరు, అయిపోయింది. వాళ్ళని తప్పు పట్టలేం, పడితే వాళ్ళు నిజంగా ప్రమాదంలో పడతారు, రానివ్వకపోవటమే మంచిది. పోనీ నేనొక్కదాన్నే వెళ్దామా అంటే చలినీళ్ళలో ఒంటరిగా వెళ్ళకూడదు, సూట్ ఉన్నా సరే. అంటే ఏడొందల డాలర్లు హాంగర్‌కి వేలాడుతూ ఉంది. డబ్బు పెట్టాం కాబట్టి అదే మనల్ని లేపి తీసుకెళ్తుందనుకుంటాం, జిమ్ మెంబర్‌షిప్ కట్టినవాళ్ళందరికీ తెలుసు అది ఎంత నిజమో.

తర్వాత అక్క ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఒక వాడిన సూట్ పట్టింది, సగం ధరకి. గాస్కెట్లు పాతవి, పగుళ్ళొచ్చాయి, అవి ఎలాగూ కొన్నేళ్ళకి మార్చాల్సినవే, కొత్తవి వేయించుకోవచ్చు, కానీ జిప్పు బాగుండాలి, జిప్పు మార్చటం చాలా ఖరీదు. ఆవిడ కొన్న రోజు నుంచి మొత్తం మారిపోయింది. ఇద్దరం ఉంటే చాలు వెళ్ళొచ్చు కాబట్టి మేం ఎవర్నీ అడగటం మానేశాం, పోల్ తీసేశాం, శనివారం 10కి ఇడిల్‌వుడ్ పార్క్ అని ఫిక్స్ చేసేశాం, మా గ్రూపులో ఇడ్లీవుడ్ అంటారులెండి, వచ్చేవాళ్ళు వస్తారు రానివాళ్ళు పడుకుంటారు. విచిత్రం ఏంటంటే వస్తారా అని అడిగినప్పుడు రానివాళ్ళు, మేం ఎలాగూ వెళ్తున్నాం అనేసరికి రావటం మొదలెట్టారు. మూడో ఆవిడ, మా వదిన వరస, జనవరిలో సూట్ కొనేసింది, మీరిద్దరే ఫోటోలు పెట్టుకుంటుంటే కుళ్ళొచ్చింది అని ఆవిడే చెప్పింది.

ఇంకో రూలు బాగా పనిచేసింది. గాలి గంటకి 10 మైళ్ళు దాటినా, స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న పడవలకి వాతావరణ శాఖ హెచ్చరిక) ఉన్నా బోర్డు దించం, చలికాలంలో దక్షిణం గాలి వస్తే లేక్ వాషింగ్టన్‌లో అలలు బాగానే లేస్తాయి, కానీ కలవటం మాత్రం ఆపం. అదే టైముకి అదే పార్కులో గొడుగులేసుకుని నడుస్తాం, లేదంటే ఒకళ్ళింటికి పోయి మిరపకాయ బజ్జీలు వేసుకుంటాం. వాతావరణం వల్ల ప్లాన్ క్యాన్సిల్ అనే మాటే లేదు, మారటమే ఉంది. రెండు వారాలు వరసగా కలవకపోతే మూడో వారం ఎవ్వరూ లేవరు, అది మాత్రం గ్యారంటీ. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగూ ఇరవైకే సూర్యుడు వెళ్ళిపోతాడు కాబట్టి ఆఫీసు రోజుల్లో ఆశే లేదు, ఉన్న ఒక్క శనివారం పోతే వారం పోయినట్టే.

ఇంకా, ఎక్కువసేపు ఉండం. ముప్పావు గంట, ఒడ్డు వెంబడే. వేసవిలో మూడు గంటలు తిరిగినవాళ్ళకి అదేంటి అనిపిస్తుంది గానీ, ఇంకాసేపు ఉంటే బాగుండు అనుకుంటూ తిరిగొస్తేనే వచ్చే వారం కాలు బయటికి పడుతుంది. వచ్చాక ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ (అప్పుడు తాగుతా, కసి తీరా), పొడి ఇడ్లీ, అల్లం పచ్చడి. అక్క పెసరట్లు తెచ్చిన రోజు అటెండెన్స్ ఫుల్లు, అది ఎవరూ ఒప్పుకోరు.

సూట్ ఒక్కటే కొని మిగతావి మర్చిపోకండి. చేతులు ముందు చచ్చిపోతాయి, నియోప్రీన్ గ్లవ్స్ 3 మిల్లీమీటర్లవి కావాలి. సూట్ సాక్స్ మీద వేసుకునే బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, బిగుతైతే రక్తం ఆడక ఇంకా చలేస్తుంది. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, బోర్డుకి కట్టేసి పెట్టటం కాదు. 2008లోనే అమెరికా కోస్ట్ గార్డ్ పాడిల్‌బోర్డుని కూడా పడవ కిందే లెక్కేసింది, స్విమ్మింగ్ ఏరియా దాటితే మనిషికో లైఫ్ జాకెట్, ఒక విజిల్ ఉండాల్సిందే, మా వాషింగ్టన్ రాష్ట్రంలో 12 ఏళ్ళు, అంతకు తక్కువ ఉన్న పిల్లలు కచ్చితంగా వేసుకునే ఉండాలి. లీష్ (మనిషినీ బోర్డునీ కలిపే తాడు) లేకుల మీద కాలికి కట్టే చుట్టల రకం సరిపోతుంది, పారే నీళ్ళలో మాత్రం అది దేనికైనా చిక్కుకుంటే వంగి తీసుకోలేం, అక్కడ నడుముకి కట్టుకుని ఒక్క లాగుతో ఊడిపోయే రకం వాడాలి. 2021 అక్టోబర్‌లో వేల్స్‌లో హావర్‌ఫోర్డ్‌వెస్ట్ దగ్గర వానలకి పొంగిన నదిలో ఒక గ్రూపు పాడిల్‌బోర్డ్ టూర్‌కి వెళ్తే నలుగురు చనిపోయారు, నది అడ్డుకట్ట మీంచి పడి. ఆ టూర్ నడిపినావిడకి 2025లో పదేళ్ళ పైనే జైలు పడింది. ఫ్రెండ్స్‌ని రండి రండి అని పిలిచేవాళ్ళు ఆ కేసు గురించి ఒకసారి చదువుకోండి, మేం చదివాకే నదుల జోలికి పోవద్దని తీర్మానించాం.

గాలి, నీళ్ళ టెంపరేచర్ ఫారెన్‌హీట్‌లో కలిపి 120 దాటితే సూట్ అక్కర్లేదని ఒక లెక్క తిరుగుతుంటుంది, దాన్ని నమ్మకండి. ఏప్రిల్‌లో ఎండ 75 ఉంటుంది, నీళ్ళు 50, కూడితే 125, పడేది మాత్రం 50లోనే కదా. నీళ్ళ టెంపరేచర్ ఒక్కటే చూడండి, 60 లోపు ఐతే సూట్. బోర్డు గురించి కూడా ఒక చిన్న విషయం, ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడు 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి తెస్తే చన్నీళ్ళలో పెట్టాక ఒకటి, ఒకటిన్నర తగ్గిపోతుంది, బోర్డు మధ్యలో కుంగుతుంది, ఒడ్డున ఇంకోసారి కొట్టండి. కొత్త సూట్ వేసుకున్న రోజు అందరూ ఒడ్డు దగ్గరే కావాలని పడి, ఈది, మళ్ళీ బోర్డు ఎక్కి చూడాలి, మా దగ్గర అది చెయ్యకుండా ఎవర్నీ లోపలికి తీసుకెళ్ళం.

ఎవరికి అక్కర్లేదంటే, ఏడాదిలో రెండుసార్లు సరదాగా వెళ్ళేవాళ్ళకి వేస్ట్, వేసవి దాకా ఆగండి. వైజాగ్‌లో మా చెల్లి రుషికొండ బీచ్‌లో డిసెంబర్‌లో టీషర్ట్‌తో బోర్డెక్కి నాకు వీడియో కాల్ చేస్తుంది, దానికి అసలు ఈ రివ్యూ అర్థమే కాదు. మిగతావాళ్ళు, మీ గుంపులో ఎవరు నిజంగా వస్తారో ముందు తేల్చుకుని, ఇద్దరు కలిసి ఒకే వారం కొనండి, కొత్తది ఒకటి బదులు వాడినవి రెండు వచ్చినా నాకు అదే మేలనిపిస్తుంది.

మా నాలుగో అమ్మాయి ఇప్పటికీ ఒడ్డునే నిలబడి కాఫీ పోస్తోంది, స్మాల్ సైజు, డ్రాప్ సీట్ ఉన్నది, వాడినది ఈస్ట్‌సైడ్‌లో (మా రెడ్‌మండ్ వైపు) ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. జిప్పు క్లోజప్ ఫోటో లేకుండా మాత్రం రేటు చెప్పొద్దు.